విశాఖలో చిన్నపిల్లలకి పార్కు ఎంచుకోవడం: పేరు చూసి కాదు, వేళ చూసి, బోల్టు చూసి

ఏప్రిల్ నెల, ఆదివారం, మధ్యాహ్నం మూడున్నర. ఇద్దరు పిల్లల్నీ తీసుకుని, ఆటో మాట్లాడుకుని, బీచ్ రోడ్డు వైపు ఒక పార్కుకి వెళ్లాను. గేటు దాటగానే పెద్దవాడు జారుడుబల్ల వైపు పరుగెత్తాడు. రెండు మెట్లెక్కి ఇనప కమ్మీ పట్టుకున్నాడో లేదో, కెవ్వుమన్నాడు. చెయ్యి కాలింది. చెట్టు కింద కూర్చున్న వాచ్‌మన్ తాత మమ్మల్ని చూసి, "ఏటమ్మా, ఈ ఎండలో గుంటల్ని తెచ్చేసినావు? ఐదు దాటితే గానీ ఆ బల్ల చల్లారదు" అన్నాడు. ఐదయ్యేదాకా మురీ మిక్చర్ పొట్లాలతో కాలక్షేపం చేశాం. బల్ల చల్లారేసరికి చిన్నది నా ఒళ్లో నిద్రపోయింది. లేపితే ఏడుపు. ఆటోకి రానూపోనూ పెట్టిన డబ్బులకి మాకు దక్కింది ఆ మురీ మిక్చర్ ఒక్కటే.

అదే పార్కుకి నవంబరులో సాయంత్రం నాలుగున్నరకి వెళ్తే ఇంటికి రామని ఇద్దరూ మొరాయించారు. పార్కు మారలేదు, వెళ్లిన వేళ మారింది. అప్పట్నుంచి "ఏ పార్కు మంచిది?" అని ఎవరైనా అడిగితే ముందు నేనే అడుగుతాను: ఏ వయసు పిల్లలు, ఏ టైముకి, ఇల్లెక్కడ? ఈ మూడింటికీ జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం కోసం ఒకసారి పిల్లలు లేకుండా వెళ్లి చూడాలి. ఎలాగో వరసగా చెప్తాను.

1. ముందు మీ బిడ్డని చూడండి

ఆట పరికరాల విషయంలో పిల్లల్ని మామూలుగా మూడు వయసులుగా చూస్తారు: రెండేళ్లలోపు, రెండు నుంచి ఐదు, ఐదు నుంచి పన్నెండు. మన పార్కుల్లో మాత్రం చాలాచోట్ల అన్నీ ఒకేచోట పాతేసి ఉంటాయి. ఏది ఎవరికో మనమే తేల్చుకోవాలి.

రెండేళ్లలోపు బిడ్డకి జారుడుబల్లతో పనే లేదు. రాలిన ఆకులు, చీమల బారు, ఒక మెట్టు ఎక్కి దిగడం, మళ్లీ ఎక్కడం, అంతే. చుట్టూ గోడ లేదా కంచె, మూసి ఉండే గేటు, నీడ, శుభ్రమైన గడ్డి ఉంటే చాలు. రెండు దాటాక పొట్టి జారుడుబల్ల, ముందూ వెనకా ఆనిక ఉన్న ఉయ్యాల, ఇసుక కావాలి. ఐదు దాటితే ఎక్కడానికీ పరుగెత్తడానికీ జాగా ఉండాలి. వాళ్లని చిన్నపిల్లల మూలకి తీసుకెళ్తే పది నిమిషాల్లో విసిగిపోయి, జారుడుబల్లని కింది నుంచి పైకి ఎక్కడం మొదలుపెడతారు. కింద మీ చిన్నది నిలబడి ఉంటుంది.

ఇద్దరు పిల్లలున్న వాళ్లకి నాదొకటే షరతు: ఒక్క బెంచీ మీద కూర్చుంటే ఇద్దరూ కనిపించాలి. ఎంత అందమైన పార్కైనా పెద్దవాడి ఆటస్థలం పొదల అవతల, చిన్నదాని ఉయ్యాల ఇవతల ఉంటే, ఒక్కదాన్నే వెళ్లినప్పుడు నాకది పనికిరాదు. మా ఆయన కూడా వచ్చే ఆదివారాలకి అట్టిపెట్టుకుంటాను.

2. రోజూ వెళ్లేది వేరు, అప్పుడప్పుడూ వెళ్లేది వేరు

మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకి కనీసం 180 నిమిషాలు ఏదో రకంగా ఒళ్లు కదిలించాలనీ, అందులో 60 నిమిషాలైనా చురుకైన ఆట ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫ్లాటులో సోఫా మీంచి దూకితే అదీ లెక్కేననుకోండి, కింది ఫ్లాటు ఆవిడ ఒప్పుకోవాలి. ఈ లెక్క ఆదివారం ఒక్కరోజు కైలాసగిరి ఎక్కించి తీర్చేది కాదు. అందుకే మొదట వెతకాల్సింది పేరున్న పార్కుని కాదు, నడిచి వెళ్లగలిగే పార్కుని. రెండు ఉయ్యాలలు, నాలుగు చెట్లు ఉన్న కాలనీ పార్కైనా సరే.

నడక దూరం అన్నప్పుడు విశాఖలో ఒక మెలిక ఉంది. మేముండేది సీతమ్మధారలో. ఫోనులో మ్యాపు ఐదు నిమిషాలే అంటుంది గానీ, ఎత్తు సంగతి చెప్పదు. వెళ్లేటప్పుడు దిగుడైతే వచ్చేటప్పుడు ఎక్కుడు. ఆడి అలిసిపోయిన పిల్లని చంకనేసుకుని, భుజాన సంచీతో ఆ ఎక్కుడు ఎక్కేది మీరే. కాబట్టి ఇంటికి వచ్చే దారిని ఒకసారి నడిచి చూసి లెక్కేయండి. రెండోది, జాతీయ రహదారి. మద్దిలపాలెం, ఇసుకతోట, హనుమంతవాక మీదుగా ఊరి మధ్య నుంచే పోతుంది. దానికి అవతల ఉన్న పార్కు ఎంత దగ్గరైనా రోజువారీ జాబితాలోంచి తీసేయండి.

తర్వాత వారానికో పదిహేను రోజులకో బండి మీదో బస్సులోనో వెళ్లే పార్కు ఒకటి పెట్టుకోండి. కొండలూ జూలూ మూడో రకం, ఏ నెలకో రెండు నెలలకో ఒకసారి. ఇలా విడదీసుకుంటే "ఈరోజు ఎక్కడికెళ్దాం" అని సాయంత్రం ఐదింటికి ఇంట్లో సభ పెట్టక్కర్లేదు.

3. ఎండ ఎటు నుంచి, చీకటి ఎప్పుడు

మన ఊళ్లో సూర్యుడు సముద్రం మీద లేస్తాడు, కొండల వెనక్కి దిగుతాడు. ఇది అందరికీ తెలిసిందే, పార్కుకి బయల్దేరేటప్పుడు మాత్రం గుర్తుండదు. తీరం వైపు పార్కుల్లో పొద్దున ఎండకి అడ్డేమీ ఉండదు. వేసవిలో ఏడున్నరకే మొహం మీద కొడుతుంది. సాయంత్రం అవే పార్కులు నయం: ఎండ వెనక్కి తగ్గుతుంది, సముద్రపు గాలి ఉంటుంది. ఊరి లోపలి పార్కుల్లో గాలాడకపోయినా పెద్ద చెట్లుంటే పొద్దున హాయిగా ఉంటాయి. ఇక్కడ ఎండ కన్నా ఉక్కతో తంటా. మే నెలలో పిల్లలు నీళ్లు అడక్కపోయినా పది, పదిహేను నిమిషాలకోసారి పట్టించండి.

జారుడుబల్ల ఎటు తిరిగి ఉందో కూడా చూడండి. పడమటికి తిరిగినదైతే ఎండ దిగేదాకా కాలుతూనే ఉంటుంది. ఇనుమే కాదు, ముదురు రంగు ప్లాస్టిక్కు, నల్ల రబ్బరు నేల కూడా కాల్చేస్తాయి. మీ చెయ్యి వెనక భాగాన్ని ఐదు సెకన్లు ఆనించి చూడండి. మీరు తట్టుకోలేకపోతే బిడ్డ అసలు తట్టుకోదు.

చీకటి సంగతి ఉద్యోగాలు చేసుకునే అమ్మానాన్నలకి ముఖ్యం. జూన్‌లో ఆరున్నర దాకా వెలుతురు ఉంటుంది. డిసెంబరులో ఐదున్నరకే మసక పడిపోతుంది. ఆఫీసు నుంచి ఆరింటికి వచ్చి పార్కుకి వెళ్లేవాళ్లు వెతకాల్సింది లైట్లు వెలిగే పార్కు. స్తంభాలు ఉండడం వేరు, వెలగడం వేరు. చాలా కాలనీ పార్కులకి మధ్యాహ్నం తాళం వేస్తారు, ఎప్పుడు తీస్తారో గేటు మీద రాసి ఉంటే ఫోటో తీసి పెట్టుకోండి.

4. పిల్లలు లేకుండా ఒకసారి వెళ్లండి

అసలు పని ఇదే. అరగంట పడుతుంది. పిల్లలతో వెళ్తే ఏదీ చూడనివ్వరు. ఏ టైముకి వాళ్లని తీసుకెళ్దామనుకున్నారో సరిగ్గా ఆ టైముకే వెళ్లండి, వీలైతే వారంలో అదే రోజున. మంగళవారం పొద్దున పది మంది ఉండే పార్కులో ఆదివారం సాయంత్రం క్రికెట్ బంతులు ఎగురుతుంటాయి.

గేటు దగ్గర మొదలుపెట్టండి. పార్కు గేటు తిన్నగా రోడ్డు మీదికి తెరుచుకుంటుందా? గడియ ఉందా, ఉన్నా ఎవరైనా వేస్తున్నారా? రెండేళ్ల పిల్ల కళ్లతో ఒకసారి ఆలోచించండి. లోపల ఉయ్యాల ఖాళీ లేదు, బయట బుడగలమ్మే అతను. అది ఎటు పరుగెడుతుంది? పిల్లల బండితో వెళ్లేవాళ్లు గేటు దగ్గర గుండ్రంగా తిరిగే ఇనప అడ్డం ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే బండి మడిచి, పిల్లని ఎత్తుకుని దూరాలి.

తర్వాత నేల. పడితే ఎక్కడ పడతారన్నదే ఆటస్థలంలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. గడ్డి, గట్టిపడిన మట్టి మెత్తగా కనిపిస్తాయి గానీ, ఎత్తు నుంచి పడ్డ పిల్లల్ని కాపాడలేవు. ఇక ఇంటర్‌లాకింగ్ టైల్స్ అయితే చెప్పక్కర్లేదు. ఇసుకైతే జానెడు లోతు ఉండాలి. పుల్ల గుచ్చి చూడండి. ముఖ్యంగా జారుడుబల్ల దిగేచోట, ఉయ్యాల కింద చూడండి. అక్కడ పిల్లల కాళ్లు తగిలి తగిలి ఇసుక చెదిరిపోయి గుంట పడుతుంది. ఆ గుంటలో అడుగున సిమెంటు దిమ్మ తేలి కనిపిస్తుంది. మిగతాచోట ఎంత ఇసుకున్నా, పిల్లలు పడేది ఆ దిమ్మ మీదే. పరికరం చుట్టూ ఆరడుగుల దాకా బెంచీ, రాతి అంచు, చెట్టు మోడు లాంటివేవీ ఉండకూడదు. ఉయ్యాలకి ముందూ వెనకా అంతకన్నా ఎక్కువ ఖాళీ కావాలి. ఇసుకలో కుక్కలూ పిల్లులూ ఏం చేసి వెళ్లాయో కూడా చూడక తప్పదు. ఏలికపాముల్లాంటి పురుగులు కడుపులో పడేది ఆ దారినే. పాదాలకి చెప్పులు ఉంచండి, ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడిగించండి.

ఇప్పుడు తుప్పు. సముద్రం పక్కన ఊరు కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. మన ఉప్పుగాలి ఇనుముని తొందరగా తినేస్తుంది, అదీ కనపడని చోట్ల. ఉయ్యాల గొలుసుని మధ్యలో చూస్తే బాగానే ఉంటుంది. పైన కొక్కేనికి తగిలించిన చోట, రెండు కడియాలు ఒకదాన్నొకటి రాసుకునే చోట చూడండి. అక్కడ కడియం అరిగిపోయి సన్నబడి ఉంటుంది. కొక్కెం మూతి పూర్తిగా మూసి ఉండాలి, రూపాయి నాణెం అంచు అందులో దూరిందంటే అది తెరుచుకున్నట్టే. పిల్లల చొక్కా పట్టేయడానికీ, గొలుసు జారిపోవడానికీ ఆ సందు చాలు. తర్వాత కిందికి వంగి, స్తంభం నేలలోకి దిగిన చోటు చూడండి. రంగు బుడగలా ఉబ్బి ఉంటే గోరుతో గీకండి. పొరలు పొరలుగా ఊడి వస్తే లోపల ఇనుము మిగల్లేదన్నమాట. పైన పెయింటు చూసి మోసపోకండి. 2023 మార్చిలో జీ20 సమావేశాలకి ఊరంతా ఎలా మెరిసిందో చూశాం కదా. రంగు కొత్తదైనంత మాత్రాన ఇనుము కొత్తది కాదు. ఉయ్యాలని రెండు చేతులతో పట్టుకుని మీ బరువంతా వేసి ఒకసారి లాగండి. కిర్రుమంటే నూనె చాలు. స్తంభం కదిలితే ఆ ఉయ్యాల వద్దు.

సందుల సంగతి. కమ్మీల మధ్య, మెట్ల మధ్య ఒళ్లు దూరి తల ఇరుక్కునే సందు ప్రమాదం. లెక్కలో చెప్తే దాదాపు 9 నుంచి 23 సెంటీమీటర్ల మధ్య. టేపు అక్కర్లేదు, మన కొలతే ఉంది: పిడికిలి దూరి, జాన పట్టని సందు అనుమానించాల్సిందే.

చాలా పార్కుల్లో పిల్లల ఆటస్థలాన్ని ఆనుకునే ఓపెన్ జిమ్ ఉంటుంది. పెద్దలు కాళ్లు ఊపుకునేవీ, చేతులు తిప్పుకునేవీ. పిల్లలకి అవి జారుడుబల్ల కన్నా ముద్దు. కదిలే కీళ్ల దగ్గర చిన్న వేళ్లు నలిగిపోతాయి. మా పెద్దవాడు ఊపుతుంటే చిన్నది ఎదురుగా మొహం పెట్టి నిలబడిన రోజు నా గుండె ఆగినంత పనైంది. ఓపెన్ జిమ్‌కీ ఉయ్యాలకీ మధ్య కంచో, కనీసం కొంత దూరమో ఉన్న పార్కు దొరికితే వదలకండి.

చెట్ల వైపు కూడా ఓ చూపు. పచ్చగన్నేరు తెలుసు కదా, పసుపు పచ్చ గంటల్లాంటి పూలు, మూడు పలకల పచ్చటి కాయలు. వంటా వార్పూ ఆడుకునే పిల్లలకి ఆ కాయలు భలే సరుకు. గింజలు గుండె మీద పనిచేసే విషం. మామూలు గన్నేరు కూడా అంతే. వాటిని నరకమని గొడవ పెట్టుకోనక్కర్లేదు, చెట్టుని పిల్లలకి చూపించి "ఇది ముట్టుకునేది కాదు" అని పేరుతో సహా చెప్పండి. ఆయాసం ఉన్న పిల్లలైతే ఇంకో మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చెట్లన్నీ కూల్చాక మళ్లీ నాటిన వాటిలో ఏడాకుల చెట్లు చాలా ఉన్నాయి. చలికాలం మొదట్లో అవి పూసినప్పుడు సాయంత్రాలు ఘాటైన వాసన కమ్ముకుంటుంది. కొందరికి పడదు. ఆ రెండు నెలలు వేరే పార్కుకి మారిపోండి.

నిలవ నీళ్లు ఎక్కడున్నాయో చూడండి. టైరు ఉయ్యాల లోపల, పనిచేయని ఫౌంటెన్‌లో, గోడ అవతల పడేసిన కొబ్బరి బొండాల్లో. డెంగీ దోమ కుట్టేది పగలే, పొద్దునా, చీకటిపడే ముందూ మరీ ఎక్కువ. అంటే సరిగ్గా మన పార్కు టైములోనే. ప్యాంటు తొడిగి తీసుకెళ్లండి.

కుక్కల విషయంలో నేనేమీ దాచను, నాకు భయం. పొట్లాలూ మాంసం ముక్కలూ పడే చోటు పక్కన గుంపు కడతాయి. కుక్కలు పడుకునే మూల ఏదో వాచ్‌మన్‌ని అడిగితే చెప్తాడు. కరిచినా, గీరినా వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పసుపు, సున్నం, కారం పెట్టమని చెప్పేవాళ్లు పార్కులోనే నలుగురు దొరుకుతారు. వినకండి.

చివరగా బాత్రూమ్. బోర్డు చూసి తృప్తిపడకుండా తలుపు తీసి చూడండి. కుళాయి తిప్పండి. తాళం వేసి ఉంటే తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి. మూడేళ్ల పిల్ల "అమ్మా, వస్తోంది" అన్నాక తాళంచెవి కోసం వెతికే టైముండదు.

5. మన ఊరి పార్కులు, ఏది ఎవరికి

అన్నీ చెప్పను. పిల్లలతో వెళ్లేవాళ్లకి పనికొచ్చేలా కొన్ని.

బీచ్ రోడ్డులోని వుడా పార్కు ఇప్పుడు వీఎంఆర్‌డీఏ పార్కు. దాన్ని చూసుకునే నగరాభివృద్ధి సంస్థ పేరు 2018లో మారింది, ఆటోవాళ్ల నోట ఇంకా మారలేదు. విశాలంగా ఉంటుంది, స్కేటింగ్ రింక్ ఉంది, ఐదు దాటిన పిల్లలకి బాగా నప్పుతుంది. చిన్నపిల్లలతో వెళ్తే ముందే ఒక చోటు అనుకుని అక్కడే ఉండండి, లేకపోతే నడకతోనే సరిపోతుంది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర పాత సెంట్రల్ జైలు స్థలంలో వచ్చిన సెంట్రల్ పార్కు బస్సులో వచ్చేవాళ్లకి సులువు. గాజువాక నుంచైనా, పెందుర్తి నుంచైనా ఒక్క బస్సుతో పని అయిపోతుంది. నా లెక్కలో బండి లేని ఇంటికి వారాంతపు పార్కు ఇదే. సాయంత్రం ఫౌంటెన్ కోసం జనం పెరుగుతారు కాబట్టి చిన్నపిల్లలతో కాస్త ముందే వెళ్లి ఆడించేయండి.

బీచ్ రోడ్డులోనే ఆల్ ఎబిలిటీస్ పార్కు ఉంది. వైకల్యం ఉన్న పిల్లలు, లేని పిల్లలు కలిసి ఆడుకునేలా కట్టింది. అలాంటి బిడ్డ ఉన్న ఇంటికి మామూలు పార్కులో మెట్లు, ఇరుకు దారులు ఎంత అడ్డమో తెలుసు. పరికరాలు పనిచేస్తున్నాయో లేదో మాత్రం పైన చెప్పినట్టు ముందు ఒక్కరే వెళ్లి చూసుకోండి, ఎందుకంటే సముద్రం దగ్గరే, ఉప్పుగాలి తగులుతూనే ఉంటుంది.

తెన్నేటి పార్కు నాకిష్టం, రెండేళ్ల పిల్లతో మాత్రం వెళ్లను. ఉక్కు ఉద్యమ నాయకుడు తెన్నేటి విశ్వనాథం పేరు మీద ఉన్న ఈ పార్కు గొప్పతనమంతా సముద్రం కనిపించడంలో ఉంది. కింద రాళ్లు, వాలు. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ నౌక ఒకటి కొట్టుకొచ్చి ఆగింది ఇక్కడే. ఆ కథ చెప్తే ఆరేళ్లవాడు గంటసేపు సముద్రాన్ని చూస్తూ కూర్చుంటాడు. రెండేళ్లది వాలు వైపే చూస్తుంది.

కైలాసగిరి 170 మీటర్లకి పైగా ఎత్తున్న కొండ. పైన చుట్టూ తిరిగే చిన్న రైలు, శివపార్వతుల విగ్రహాలు, గాలి. కాంప్లెక్స్ నుంచి 10కె బస్సు ఉంది. రోప్‌వే ఎక్కిస్తానని ఇంట్లో మాటిచ్చే ముందు ఆ రోజు నడుస్తోందో లేదో కనుక్కోండి, లేకపోతే ఆ ఏడుపు కొండంతా వినపడుతుంది. రైలు అయ్యాక చిన్నపిల్లలకి గడ్డి మీద అరగంట వదిలేస్తే చాలు, అన్ని వ్యూపాయింట్లూ చూపించాలని తిప్పకండి.

జూ 1977లో మొదలైంది, 625 ఎకరాలు. సోమవారం సెలవు. ఇది తెలియక గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చిన కుటుంబాలని చాలా చూశాను, అందులో మాది ఒకటి. మూడేళ్ల పిల్లతో వెళ్తే రెండే జంతువులు అనుకోండి. మాకు ఏనుగు, నీటిగుర్రం. మిగతావి కనిపిస్తే లాభం.

అరిలోవ వైపు వాళ్లకి ముడసర్లోవ ఉంది. కొండల మధ్య, రిజర్వాయరు పక్కన. ఆ నీటి మీద 2018లో పెట్టిన తేలే సోలార్ పలకలున్నాయి. నీళ్లున్న చోటు కాబట్టి చెయ్యి వదలకండి. పెదవాల్తేరులో ఆర్‌సీడీ ఆసుపత్రి ఆవరణలోని బయోడైవర్సిటీ పార్కులో మొక్కలు, సీతాకోకచిలుకలు చూడ్డమే పని, ఉయ్యాల కోసం వెళ్లేది కాదు. స్టీల్‌ప్లాంటు వాళ్ల ఉక్కునగరంలో చుట్టాలున్న వాళ్లు అదృష్టవంతులు. ఆ చెట్ల నీడ ఊళ్లో దొరకదు.

6. బీచ్ ఆటస్థలమేనా?

ఇసుక వరకూ ఆటస్థలం, నీళ్ల వరకూ కాదు. ఆర్కే బీచ్‌లో అల ఇట్టే లాగేస్తుంది. మోకాళ్ల లోతులో నిలబడ్డ పెద్దలే పడిపోతారు. పిల్లలతో వెళ్తే తడి ఇసుకకి ఎగువన, పొడి ఇసుకలో కూర్చోండి, సముద్రానికీ పిల్లలకీ మధ్య మీరుండేలా. ఇద్దరు పెద్దలుంటే ఒకరు ఫోను చూడొచ్చు, ఒక్కరే ఉంటే చూడకూడదు. గాజు పెంకుల కోసం ముందు చేత్తో ఇసుక కెలికి చూడండి. బీచ్ ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామి లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతల్లోంచి దూరాలి, చంకలో బిడ్డతో అది కష్టం. నాలుగైదేళ్లు రానివ్వండి.

7. మొదటిరోజు ఆట

మొదటిసారి అరగంట చాలు. వెళ్లగానే హెల్మెట్, స్కార్ఫు, మెడలో గొలుసు, టోపీ తాడు అన్నీ తీసి సంచీలో వేయండి. బండి మీద ప్రాణం కాపాడే హెల్మెట్టే కమ్మీల మధ్య ఇరుక్కుంటే మెడకి ఉరి. అమ్మాయిలకి చున్నీ, జారే లంగాలు వద్దు.

ఒళ్లో కూర్చోబెట్టుకుని జారడం గురించి చెప్పాలి. నేను చేసిన తప్పు ఇది. చిన్నదానికి పద్నాలుగు నెలలప్పుడు, మా దగ్గరలోని ఒక పార్కులో, భయపడుతోందని నా ఒళ్లో పెట్టుకుని జారాను. సగం దూరంలో దాని రబ్బరు బూటు బల్ల అంచుకి పట్టేసింది. కాలు అక్కడ ఆగిపోయింది, నా బరువుతో కలిపి మేమిద్దరం కిందికి జారిపోయాం. పెద్ద శబ్దమేమీ రాలేదు. ఏడుపు మాత్రం ఆగలేదు. మోకాలి కింద ఎముకకి బీట పడింది, మూడు వారాలు కట్టు. డాక్టరు, "ఒంటరిగా జారితే ఆగిపోయేది. మీ బరువే విరిచింది" అన్నారు. మా అత్తయ్య ఈ మాట ఇప్పటికీ పండక్కి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్తుంది. తనంతట తాను మెట్లెక్కి, కూర్చుని, జారలేని పిల్లకి ఆ బల్ల ఇంకా వయసు రాలేదని అర్థం. పక్కన నిలబడి చెయ్యి పట్టుకోవడం వేరు, ఒళ్లో పెట్టుకోవడం వేరు.

సంచీలో పెద్దగా ఏమీ అక్కర్లేదు. నీళ్లు, పాత తువ్వాలు ఒకటి (జారుడుబల్ల తుడవడానికి, తర్వాత పిల్లని తుడవడానికి), సబ్బు ముక్క, ఒక జత బట్టలు, బ్యాండ్ ఎయిడ్‌లు. అరటిపండ్లు తీసుకెళ్తే తొక్కలు తిరిగి తెచ్చేయండి, లేకపోతే కుక్కలని మనమే పిలిచినట్టు.

ఇంటికి బయల్దేరడమే అసలు యుద్ధం. "ఇంకో ఐదు నిమిషాలు" అన్నది పిల్లలకి లెక్కే కాదు. "ఇంకో మూడుసార్లు జారి వెళ్దాం" అనండి, వేళ్లు మడుస్తూ. మూడోసారికి వాళ్లే కిందికి వచ్చి నిలబడతారు. ఒక్కోసారి నాలుగోది కూడా అడుగుతారు, అది ఇచ్చేయండి.

8. విరిగింది కనిపిస్తే

గేటు మీద బోర్డు చూడండి. పార్కు జీవీఎంసీదా (నగరపాలక సంస్థ), వీఎంఆర్‌డీఏదా, కాలనీ సంఘందా అన్నది తెలియకపోతే మీ ఫిర్యాదు ఊరంతా తిరుగుతుంది. ఫోటో రెండు రకాలుగా తీయండి: ఒకటి విరిగిన బోల్టు దగ్గరగా, ఇంకోటి అదెక్కడుందో తెలిసేలా దూరంగా, వెనక చెట్టో బోర్డో కనిపించేలా. జీవీఎంసీ పార్కైతే వార్డు సచివాలయంలో రాసిచ్చి రసీదు అడగండి. కాలనీ సంఘమైతే వాకింగ్ బ్యాచ్ పెద్దాయన ఒకరు ఉంటారు, పొద్దున ఆరింటికి ఆయన్ని పట్టుకుంటే కాగితాలక్కర్లేదు.

బాగుచేసేలోగా ఆ ఉయ్యాల ఎవరూ ఎక్కకుండా చూడండి. మొన్న మా పార్కులో గొలుసు సన్నబడితే, ఉయ్యాలని పైకెత్తి నా పాత చున్నీతో అడ్డ కమ్మీకి గట్టిగా ముడేశాం, నేనూ ఇంకో అమ్మా. వాచ్‌మన్ దాన్ని చూసి, "ఇలాగైతే గుంటలు దీనికేసి చూడరమ్మా" అన్నాడు. పద్దెనిమిది రోజులకి కొత్త గొలుసు వచ్చింది. చున్నీ ఎవరో పట్టుకెళ్లిపోయారు.